తీతువు ఫొటో పంపనా, వద్దా

పామర్రు, 12-4-74

చి.ల.సౌ. ఛాయాదేవికి, ఇక్కడ నేనూ అమ్మా కులాసా. నేను తెల్లారకుండా పొలాల్లో తిరుగుతున్నానని ఎవరో చెప్పారట, కంగారుపడకు. కాలేజీ రోజుల్లో వదిలేసిన పిట్టల పిచ్చి మళ్లీ పట్టుకుంది. పాత కెమెరా బాగుచేయించాను. పోయిన వారం కోతైన చేలో ఒక తీతువు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోతోంది. పాపమని వెంటపడ్డాను. చాలా దూరం నడిపించి హాయిగా ఎగిరిపోయింది. వెనక్కి వచ్చి చూస్తే, నేను మొదట నిలబడ్డ చోటే మట్టిపెళ్లల మధ్య గుడ్లున్నాయి. నన్ను తప్పించడానికే ఆ నటన! అది తిరిగొచ్చి పొదగడానికి కూర్చున్నాక దూరం నుంచి ఫొటో తీశాను. అమ్మ చూసి, "తీతువు అరిస్తేనే కీడంటారు. కోడలు నీళ్లాడే వేళ దాని బొమ్మ ఇంట్లోకి తెస్తావుట్రా?" అని ఒకటే ఏడుపు. నాకు నమ్మకం లేదు. కానీ నిన్న సాయంత్రం మన డాబా మీదుగా తీతువు అరుస్తూ పోతే నవ్వబోయి ఆగిపోయాను. ఏమీ తోచడం లేదు. కాళ్ల వాపు తగ్గిందా? డాక్టరమ్మ ఏమంది? ఊరగాయ జాడీలు ఎక్కడ పెట్టావని అమ్మ అడుగుతోంది. అత్తయ్యగారికి, మామయ్యగారికి నమస్కారాలు. ఫొటో నీకు పంపనా, వద్దా? చింపేద్దామంటే చేతులు రావడం లేదు. గుడ్ల మీద కూర్చుని నావైపే చూస్తోంది.

నీ
రామకోటేశ్వరరావు