పల్లవి ఉండాల్సిన చోట

శుక్రవారం, రాత్రి

కశింకోట నుంచి సుగుణ తెచ్చిన రీల్ టేప్ రికార్డర్ ఇవాళ తిరిగింది. సాగిపోయిన బెల్టు మార్చి, హెడ్డును స్పిరిట్‌తో తుడిచి, ఆమె ఎదుటే టేపు పెట్టాను. చర్చిలో వాళ్లమ్మ పాడిన పాట అది.

ముందు నా గొంతే వినిపించింది. "హలో, వన్, టూ, త్రీ." రిపేరు చేసిన ప్రతి మిషన్నూ ఒకప్పుడు అలాగే పరీక్షించేవాణ్ని, నా సొంత టేపు మీద. ఏళ్ల కిందట ఇదే మిషన్ రిపేరుకు వచ్చిన రోజు మాత్రం బద్ధకించి వాళ్ల టేపు మీదే రికార్డు నొక్కేశాను. పల్లవి చెరిగిపోయింది. ఆ వెనకే కమల: "టీ సల్లారిపోతంది, తాగేసి సేసుకోండి."

ఆమె పోయి తొమ్మిదేళ్లు. ఊరందరి గొంతులూ బాగుచేసినవాణ్ని, నా భార్య గొంతు ఒక్కసారీ దాచుకోలేదు.

సుగుణ నవ్వింది. "సిన్నప్పట్నుంచీ ఇంతే బాబూ. ఎవరో ఆవిడ టీ అన్నాకే మాయమ్మ పాడతాది."

ఆ మగ గొంతు నాదేనని చెప్పలేకపోయాను. స్పీడు సరిచూడాలని అబద్ధమాడి మిషన్ను ఉంచుకున్నాను. ఇప్పటికి ఆరుసార్లు విన్నాను.

కమల మాట ఇప్పుడే కాపీ చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ వాళ్ల టేపును అడక్కుండా ముట్టుకోవడం ఇది రెండోసారి అవుతుంది...