తోడల్లుడి రైఫిలుకు కొత్త స్ప్రింగు

వర్క్‌షాపు నుంచి,
మార్చి 9, సోమవారం.

చిరంజీవి తమ్ముడికి,

పెద్ద తోడల్లుడు దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ మరదలూ పిల్లలూ బాగున్నారని అత్తయ్య ఫోనులో చెప్పారు. ఆవిడ నీ కబుర్లు మొదలుపెట్టి ముగించేలోగా నేను రెండు ట్రిగ్గర్లు విప్పి బిగించేయొచ్చు.

ఆదివారం జరిగే షూటింగ్ పోటీ ఫైనల్స్‌కు నిన్ను ఎంపిక చేశారట, సంతోషం. మీ వదిన పేపర్లో వచ్చిన నీ ఫొటో కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించింది. మంచినీళ్లకు వెళ్లినప్పుడల్లా నీ ముఖమే. అందులో నీ చేతిలో ఉన్న రైఫిలు చూస్తే నాకు కడుపు మండిపోతుంది తమ్ముడూ, దాచడం ఎందుకు? మామయ్య దుకాణంలో ఇరవై రెండేళ్లుగా నూనె మరకలు పూసుకుంటున్నది నేను. చూపు మందగించి పని మానేసిన రోజు ఆయన తన సొంత రైఫిలు నీకిచ్చి, నాకు స్క్రూడ్రైవర్ల పెట్టె ఇచ్చారు. కాల్చేవాడికి తుపాకీ, బాగుచేసేవాడికి పనిముట్లు అన్నారు. అందరూ భలే న్యాయం అన్నారు. నేనూ తలూపాను.

ఆ రైఫిలునే పోయిన వారం తెచ్చి నా బల్ల మీద పెట్టావు. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్కుమంటోందే కానీ మూడింట్లో ఒకటి పేలడం లేదన్నావు. బోల్టు విప్పగానే సంగతి తెలిసిపోయింది. ఫైరింగ్ పిన్నును ముందుకు తోసే స్ప్రింగు ఏళ్ల తరబడి నలిగి కుంగిపోయింది. పిన్ను తూటాను తాకుతోంది గానీ గట్టిగా కొట్టడం లేదు. స్ప్రింగు మార్చడం అరగంట పని. నువ్వు బయట వీధివాళ్లతో ఫొటోలు దిగుతుండగానే బోల్టు బిగించి నీ చేతికిచ్చాను.

నిన్న మామయ్యకు ఫోన్ చేసి, యాభైకి యాభై పేలాయి, అన్నయ్య చేతిలో ఏదో మహిమ ఉంది అన్నావట. ఆయన వెంటనే నాకు ఫోన్ చేశారు. నేనైనా అంత బాగా చేసేవాణ్ణి కాదు అల్లుడూ అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాట కోసం ఎంత మొహం వాచి ఉన్నానో నీకెలా తెలుస్తుంది, నీకు రోజూ దొరికేదేగా! ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సహించలేదు.

మరదలికి ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ మేలు కోరవలసిన
అన్నయ్య

తా.క. తీసేసిన పాత భాగాన్ని కాగితంలో చుట్టి యజమానికి ఇవ్వడం మామయ్య పెట్టిన పద్ధతి. నేను నీకివ్వలేదు, నువ్వూ అడగలేదు. అది ఇంకా నీ రైఫిల్లోనే ఉంది. కొత్తది వేయలేదు తమ్ముడూ, పాతదాన్నే సాగదీసి బిగించాను. సాగదీసింది వంద తూటాల దాకా బుద్ధిగా పనిచేసి మళ్లీ కుంగుతుంది. ఆదివారానికి కుంగుతుందని లెక్క చూసుకునే ఆ పని చేశాను. కొత్త స్ప్రింగు ఈ కవర్లో ఉంది. శనివారంలోగా ఎవరి చేతనైనా వేయించుకో. నా దగ్గరికే తెస్తే మాత్రం, పక్కనే నిలబడి చూడు.