కాలి కింద వాడు

నాయనా,

నీ సంవత్సరీకం అయిపోయింది కాబట్టి, ఈ ధనుర్మాసంలో ఆరుద్ర పండక్కి కుప్పం దగ్గరి మన ఊరి గుళ్లో నటరాజస్వామికి నేనే అభిషేకం చేశాను. పాలు, విభూతి, చందనం, మంత్రాలు, అన్నీ సరిగానే జరిగాయి. భయం ఆ తర్వాత పట్టుకుంది.

నీకు గుర్తుందా అని రాయబోయి ఆగాను. అభిషేకమయ్యాక కంచు విగ్రహాన్ని తల నుంచి తుడవాలని నేర్పింది నువ్వే. ముందు జడలు, తర్వాత డమరుకం చెయ్యి, నిప్పు పట్టుకున్న చెయ్యి, భయపడొద్దని చూపే చెయ్యి. స్వామి పాదం కింద పడి ఉన్న మరుగుజ్జును అన్నిటికన్నా చివర తుడవాలి. వాడే మరుపు, వాడు లేవకుండా స్వామి తొక్కిపట్టాడు అనేవాడివి. కానీ నీ చివరి ఆరుద్రకు, అమ్మ పేరు కూడా నీ నోటికి రాని రోజుల్లో, మొదట వాడి ముఖమే తుడిచావు.

"యాల నాయనా, ముందు వానికి?" అన్నాను.

"వాడు నన్నే సూస్తాండాడప్పా," అన్నావు.

ఈరోజు అమ్మ మండపంలో స్తంభం పక్కన కూర్చుని చూస్తోంది. నేను తుడవడం మొదలుపెట్టగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందిమా?" అన్నాను.

"ఏం లేదప్పా. నువ్వు తుడుసు," అంది. ఆమె చూపు మాత్రం నా చేతి మీదే ఉంది. నేనూ చూసుకున్నాను. స్వామి జడల్లోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. నా చేతిలోని తువ్వాలు మరుగుజ్జు ముఖం మీద ఉంది.

అది అక్కడికి ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు, నాయనా.