సుధ డిగ్రీకి ప్లాస్టిక్ తొడుగు

శుక్రవారం, తాల్‌బగీచా

ఇవాళ రాయకుండానే పడుకుందామనుకున్నాను. నాన్న రైల్వే సర్వీసు కాగితాలు చెదలు తినేసి, అమ్మ పెన్షన్ కోసం మూడేళ్లు తిరిగినప్పటి నుంచీ నాకు లామినేషన్ పిచ్చి. రేషన్ కార్డునీ వదల్లేదు, మా అమ్మాయి సుధ ఇంజనీరింగ్ డిగ్రీనీ వదల్లేదు.

సుధ దుబాయ్‌లో ఉన్న స్నేహితురాలితో కలిసి అక్కడ ఇంజనీరింగ్ కంపెనీ రిజిస్టర్ చేయించాలంటే ఆ డిగ్రీ వెనక ప్రభుత్వ ముద్ర పడాలి. ప్లాస్టిక్ మీద ముద్ర వెయ్యం పొమ్మన్నారు. గోల్‌బజార్ లామినేషన్ కొట్లో అప్పట్లో అతికించిన బెంగాలీ దాదా చేతే ఊడదీయించాను. నెమ్మదిగానే లాగాడు పాపం. యూనివర్సిటీ సీలూ, సంతకమూ ప్లాస్టిక్‌తో పాటే లేచి వచ్చేశాయి.

"ఏటి నాన్నా, నన్ను కూడా లామినేషన్ సేయించేయకపోయినావా?" అంది సుధ. నవ్వబోయాను. తను నవ్వడం లేదు.

కొత్త డిగ్రీ రావడానికి నెలలు పడుతుంది. దుబాయ్‌లో కాగితాలు ఇవ్వడానికి సోమవారమే గడువు.

భోజనాలయ్యాక సుధ స్నేహితురాలికి ఫోన్ చేసి, తన పేరు తీసేసి రిజిస్టర్ చేయించుకోమంది.