సముద్రం నిండా అంకెలు

మార్చి 4
చీనీ తోటలో, బత్తాయి చెట్టు కింద కూర్చుని ఫోన్ తీశా. సిగ్నల్ లేదు — ఈ తోటలో ఎప్పుడుంది కనక. అయినా సముద్రం పటం తెరుచుకుంది. మా శ్రావణి ఓడ ఎక్కే ముందు ఎక్కించి పోయింది. "నెట్ లేకపోయినా వస్తాది నాన్నా. నేను పోయే దారి దీంట్లో చూసుకోవచ్చు." నా కూతురు ఓడ నడిపే పని నేర్చుకోను పోయిందంటే ఇప్పటికీ నమ్మకం కుదరదు.

నీలిచుక్క నా మీదే ఉంది. చుట్టూ ఏమీ లేదు. కడప లేదు, పెన్న లేదు, అంతా ఖాళీ పసుపు రంగు. రాసిందంతా సముద్రంలోనే... నీళ్ల నిండా అంకెలు.

మార్చి 5
తొమ్మిది, పద్నాలుగు, ఇరవై రెండు. చదివి కడుపు మండింది. మనం తొమ్మిది వందల అడుగులు బోరేస్తే దుమ్ము లేచింది, వీళ్లకి తొమ్మిదికే నీళ్లు పడతాయా అన్నా. మా ఆవిడ రమణమ్మ నవ్వింది. "ఏందయ్యా, పైనుంచే నీళ్లుంటే ఇంక పడేదేముండాది? ఆ లెక్క, కింద నేల తగిలేదానికి."

ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు. మేము నీళ్ల కోసం నేలను కొలుస్తాం. వాళ్లు నేల కోసం నీళ్లను కొలుస్తారు.

మార్చి 7
సాయంత్రం ఊళ్లో ఉండగా శ్రావణి ఫోన్. ఓడ విశాఖ రేవు దాటుతోంది. "భయమైతాండాది నాన్నా. రాత్రి డ్యూటీలో చుట్టూ ఏమీ కనపడదు. కొలంబోలో దిగి ఇంటికొచ్చేస్తా. రమ్మంటావా?"

నోరు తెరిచేలోపే కట్. రమ్మనే చెప్పేవాణ్ణి. ఇక కొలంబో చేరితేనే మాట.

మార్చి 8
ఓడ పోయే దారి వెంట వేలు జరుపుతున్నా. ముప్పై, తొంభై, ఉన్నట్టుండి వెయ్యి... ఇంకా పోతే మూడు వేలు. మూలన సన్నక్షరాల్లో ఉంది — అడుగులు కావంట, మీటర్లంట. ఫోన్‌కే దణ్ణం పెట్టా. ఆ నీళ్ల మీద నా బిడ్డ నిలబడి కాపలా కాస్తోంది. భయం ఎక్కువో గర్వం ఎక్కువో చెప్పలేను.

మార్చి 9
చెట్లకి ట్యాంకరు నీళ్లు. రమణమ్మ: "రమ్మని చెప్పు. అంతే."

మార్చి 10
ప్రతి అంకె దగ్గరికీ ఎవరో ఒకరు పోయి కొలిచి ఉంటారు గదా. కింద ఎంతుందో తెలియకుండానే పోయి ఉంటారు. తిరిగొచ్చి చెప్పారు కాబట్టే అంకె ఉంది. పొద్దుటినుంచి ఇదే ఆలోచన.

మార్చి 11
తోటకి పోలేదు. ఊళ్లోనే ఫోన్ పట్టుకుని కూర్చున్నా. మోగింది. "కొలంబో బయట లంగరేసినాం నాన్నా." పటంలో లంగరు గుర్తు వెతికా. "నీ కింద పద్దెనిమిది మీటర్లు గదా" అన్నా. అవతల నవ్వు. "చూస్తాండావా నాన్నా?"

ఓడ చీల్చిన నీళ్లు చీకట్లో మిలమిల మెరిసినాయంట. చెప్పిందే చెప్పింది... ఆఖర్న మళ్లీ అదే — "రమ్మంటావా?"

పొద్దున చెప్తా అన్నా.

రమ్మంటే వచ్చేస్తుంది. ఇప్పుడు నాకు అదే భయం.