మామయ్య చేసిన వెబ్‌సైటు

అత్తయ్యకి మేనల్లుడు నమస్కరించి రాసేది,

మీ రేవు ఆఫీసు వెబ్‌సైటులో ప్రకటనలు ఎలా పెట్టాలో మీవాళ్లకి నేర్పే పని మా కంపెనీకి వచ్చింది. నేర్పేది నేనే! నా చేత అక్షరాలు దిద్దించిన మీకు నేను పాఠం చెప్పడమేమిటని మా మేనేజరు ఎదురుగానే నవ్వేశాను.

మీ కొత్త కంప్యూటర్లు ఇరవయ్యో తారీకు దాకా అట్టపెట్టెల్లోనే ఉంటాయట, అందుకే ఈ ఉత్తరం. ఈలోగా మీవాళ్లని సిద్ధం చేయండి. రాసేదెవరు, దిద్దేదెవరు, జనానికి కనబడేలా పైకెక్కించేదెవరు అన్నది తేల్చేయండి. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. తలా ఒక పాస్‌వర్డ్ ఉండాలి. పాత ప్రకటన ఏదడిగినా దొరకాలి. వీలైతే ఒక నమూనా మీద సాధన చేయించండి.

ఉంటాను,
చిట్టి

తా.క.: పాఠం అయ్యాక పెట్టే పరీక్షలో మీవాళ్లు తప్పితే ప్రకటనల పని బయటివాళ్లకి అప్పగించేస్తానని మీ డైరెక్టరు అన్నారట. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

*

చిట్టికి అత్తయ్య దీవెనలు.

నీ తా.క. చదివి కాసేపు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఏడుపుకంటే అదే పనికొచ్చింది. ఇరవై ఆరేళ్లుగా లాంచీల వేళలు జనానికి చెబుతున్న విభాగం ఇది. నావాళ్లు ముగ్గురినీ గోదాములోకి తోసేస్తే చూస్తూ ఊరుకుంటానా?

నీ జాబితా మీ మామయ్య చేతిలో పెట్టాను. నాలుగు రోజుల్లో నమూనా చేసి మా గదిలో పెట్టేశారు. టైపిస్టమ్మాయి రాస్తుంది. తప్పులు దిద్దేది మా గుమాస్తా, అతణ్ణి మేం కళ్లజోడు అంటాం. పొడుగు మనిషని మేం నిచ్చెన అని పిలిచే బంట్రోతు పైకెక్కిస్తాడు. అనుమతి లేనిది ఒక్కటీ ముందుకు కదలదు. ఆరేళ్ల కిందటి ప్రకటన అడిగినా చిటికెలో బయటికొస్తుంది.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: కళ్లజోడు నిన్న పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు చెప్పాడు. సాయంత్రం దాకా దాన్ని ముట్టుకోనివ్వలేదు.

*

అత్తయ్యకి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీవితమంతా తలుపులూ కిటికీలూ చేసిన మామయ్య, పని మానేశాక కంప్యూటర్లు నేర్చుకున్నారని నాతో ఒక్కరూ అనలేదే! మా కంపెనీలో పదకొండుమంది ఏడాదిపాటు చేసినదాన్ని ఆయనొక్కరే నాలుగు రోజుల్లో చేశారా? ఇంట్లో కంప్యూటరు కొన్నారా? మూడుసార్లు తప్పితే రానివ్వని ఏర్పాటు కూడా పెట్టారా?

మా మేనేజరుకి చూపించాను. నన్ను ఎగాదిగా చూసి, "ఈ పెద్దమనిషి మనకెందుకు దొరకలేదు?" అన్నారు. దాన్ని ఒకేసారి ఎంతమంది వాడొచ్చు? ఎప్పుడైనా కూలిపోయిందా? వైరస్ సంగతేమిటి? వెంటనే రాయండి.

చిన్నబోయిన
చిట్టి

తా.క.: మామయ్యకి నామీద కోపమేమీ లేదుకదా?

*

చిట్టికి దీవెనలు.

మీ మేనేజరు మాట చెప్పగానే మీ మామయ్య అద్దం ముందుకెళ్లి మీసం దువ్వుకున్నారు. కోపం కాదు, గాల్లో తేలుతున్నారు.

ఒకేసారి ముగ్గురు వాడొచ్చు. నాలుగోవాళ్లొస్తే మోచేతులు తగులుతాయి. ఒకసారి కూలబోయిన మాట నిజమే, నిచ్చెన దానికి ఆనుకున్నాడు. కింద చెక్కముక్క పెట్టాక మళ్లీ కదల్లేదు.

అత్తయ్య

తా.క.: వైరస్ గురించి నాకు తెలియదు గానీ, చెదలు పట్టకుండా మందు పూయించాం. మంచి టేకు, పదహారు అరలు, ప్రతి అరకీ తాళం. పాస్‌వర్డ్ చెబితేనే తాళంచెవి ఇస్తాను.

*

అత్తయ్యా!

బీరువానా?

మా మేనేజరు మీ డైరెక్టరుకి "అద్భుతం" అని రాసేశారు! ఇరవయ్యో తారీకున ఇద్దరూ కలిసి చూడటానికొస్తున్నారు. నా కొంప మునిగింది, మీదీ మునిగింది.

వణుకుతూ,
చిట్టి

తా.క.: దయచేసి దానిమీద ఒక దుప్పటి కప్పండి.

*

చిట్టీ,

రానీ. దుప్పటి కప్పం. మెరుగు పూయిస్తున్నాం.

అత్తయ్య

తా.క.: నువ్వు మాత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని రా.

*

అత్తయ్యగారి సముఖానికి,

నిన్న పరీక్ష జరుగుతున్నంతసేపూ మిమ్మల్ని బయట బల్లమీద కూర్చోబెట్టారు. లోపల జరిగింది మీవాళ్లు ముగ్గురూ మూడు రకాలుగా చెప్పి ఉంటారు. నేనూ చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

బీరువా చూసి డైరెక్టరు మొహం చిట్లించారు. మా మేనేజరు నన్ను చూసిన చూపు ఇంకా ఒంటికి తగులుతూనే ఉంది. కానీ రెండు రోజుల పాఠం భోజనం వేళకే అయిపోయింది. తెరమీద ఏది చూపించినా టైపిస్టమ్మాయి "ఓహో, ఇది మన రెండో అర" అంటుంది!

అప్పుడు డైరెక్టరే ఒక ప్రకటన చెప్పి రాయించారు. రేపట్నుంచి ఏడున్నర లాంచీ రద్దు. వెంటనే ఎక్కించమన్నారు. నిచ్చెన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"కళ్లజోడు చూడందే నేనెక్కించను సార్."

"నేను డైరెక్టర్ని!"

"అవును సార్. బీరువాలోనైనా ఇంతే సార్."

కళ్లజోడు రద్దు ఉత్తర్వుతో పోల్చి చూశాడు. రద్దయ్యేది ఎనిమిదిన్నర లాంచీ! ఏడున్నరది ఆసుపత్రి నర్సులు ఎక్కేది. డైరెక్టరు మొహం తుడుచుకుని, పని బయటివాళ్లకిస్తూ రాసుకొచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. నాకు గంతెయ్యాలనిపించింది అత్తయ్యా. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని ఊరుకున్నాను.

ఇక అసలు సంగతి. మిగిలిన ఆరు రేవుల వాళ్లకీ శిక్షణ మీ చేతే ఇప్పించాలని ఇద్దరూ తేల్చారు. ఉత్తర్వు రేపు మీ చేతికొస్తుంది. మీకొక సహాయకుణ్ణి కూడా ఇచ్చారు. సోమవారం ఎనిమిదింటికి మీ ముందు హాజరవుతాడు.

ఇట్లు,
మీ సహాయకుడు
చిట్టి

తా.క.: మామయ్యని ఇంకో ఆరు బీరువాలు చేయమన్నారు మా మేనేజరు. ఇంకొక్క మాట. బీరువా తెరవడానికి నిన్న మీరు నాకిచ్చిన పాస్‌వర్డ్ మర్చిపోయాను. సోమవారం సాయంత్రం దాకా బయట నిలబెట్టకండి.