కల్లు కాంపౌండు దాటే దాకా

హఫీజ్‌పేట్,
శుక్రవారం.

పూజ్యురాలైన అక్కయ్యకు సుందరమ్మ నమస్కారాలు.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారి ఉబ్బసం ఈ చలికి ఎక్కువ కాలేదు కదా? ఇక్కడ అందరం క్షేమమని వ్రాయడానికి నాకు చేయి రావడం లేదు. ప్రాణాలతో ఉన్నాం, పిల్లలు బడికి వెళ్తున్నారు. అంతవరకు నిజం. ఎటు చూసినా బండరాళ్లే. మనసు విప్పి మాట్లాడుకోవడానికి మన వైపు మనిషి ఒక్కరూ లేరు.

అమ్మాయి కమలనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చెయ్యమని వ్రాశావు. అల్లుడుగారు ఆసుపత్రి నుంచి వచ్చారు. ఇక చుక్క ముట్టకూడదని డాక్టరు చెప్పాడు. ఫ్యాక్టరీవాళ్లు మళ్లీ పనిలోకి రానిచ్చారు గాని, తాగి కనిపిస్తే ఇదే ఆఖరన్నారు. ఆ వాసన ఇంకా పోలేదక్కయ్యా. పరుపులు ఎండలో వేశాను, గోడలకు సున్నం కొట్టించాను. అయినా నా ముక్కును వదలడం లేదు. అల్లుడి ఎదుట నిలబడి ఎరగని దాన్ని, ఆయన వాంతులు ఎత్తిపోశాను. అన్నం ముద్ద ఎత్తితే అదే గుర్తుకొస్తుంది.

అంతకన్నా రోత పుట్టించింది నా కూతురు. మొన్న బియ్యం కొలుస్తుంటే డబ్బాలో సోలకు సీసా తగిలింది. సారా.

“పొద్దున చేతులు వణుకుతున్నాయమ్మా. చూడలేక రెండు గుక్కలు పోస్తున్నాను,” అంది కమల.

“వణకనీ,” అన్నాను. సీసా పెంటకుప్ప మీద గుమ్మరించాను.

ఇన్నేళ్లూ అల్లుడికి ఏం చెప్పాలన్నా కమల ద్వారానే చెప్పాను. “మీ ఆయన్ని భోజనానికి లెమ్మను” అనడమే గాని, ఎదురుపడి ఒక్క మాట లేదు. ఇప్పుడు ఆ కబురు మోసే మనిషినే నమ్మలేకపోయాను.

ఆయన ఫ్యాక్టరీ నుంచి రైల్లో వస్తారు; స్టేషను నుంచి ఇంటికి వచ్చే దారిలో కల్లు కాంపౌండు, అంటే కల్లు అమ్మే ఆవరణ, ఉంది. అందుకని సాయంత్రం బండి వేళకు నేనే స్టేషనుకు వెళ్తున్నాను. ఆయన ముందు, కొంగు కప్పుకుని నేను వెనక. ఇంటి యజమానురాలు మల్లమ్మ నవ్వింది.

“ఏందమ్మా, బర్రెను తోలుకొచ్చినట్టు అల్లున్ని తోలుకొస్తున్నవ్?”

“గేదెకైతే కుడితి చాలు,” అన్నాను.

మల్లమ్మ ఆదివారం కల్లు తాగే మనిషే. మా కోసం ఇంట్లోకి తేవడం మానేసింది. నా కడుపున పుట్టినదానికి ఆ బుద్ధి లేదు.

నిన్న కాంపౌండు దగ్గర ఒకడు పిలిచాడు. “ఏం సారూ, మొకం చాటేస్తున్నవ్? జర గొంతు తడుపుకొని పో.”

అల్లుడుగారు ఆగిపోయారు. లోపల జనం, ఈగలు, పులిసిన కంపు. ఆయన కాళ్లు అటే తిరిగాయి. చెప్పించడానికి పక్కన కమల లేదు.

“నడవండి,” అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. నేను తనతో మాట్లాడటం అదే మొదలు.

“చేతులు వణుకుతున్నాయి అత్తయ్యగారూ.”

“వణకనివ్వండి. నడవండి.”

నడిచారు. గుమ్మం చేరాం. చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండా అడిగారు. “రేపూ వస్తారా?”

నాకు జాలి కలగలేదక్కయ్యా. అసహ్యమే. కాని అలా అడిగిన మనిషిని వదిలి రాలేను. కమలనూ తీసుకురాను. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఉసిరికాయ పచ్చడి పంపు. ఆయనకు నోరు చప్పగా ఉంటోందట.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. మమ్మల్ని ఆశీర్వదించు, అల్లుడుగారిని కూడా. ఇక ఆపుతాను, బండి వేళయింది.

నీ చెల్లెలు,
సుందరమ్మ